మందు పెట్టింది ఎవరు?

ఆయన పేరు రాయను. దయ తలచి కాదు, మా లాయరు వద్దన్నాడు కాబట్టి. ఆయన విమానంలో ఎడమ సీటులో కూర్చునే కెప్టెన్, నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. నేను కుడి సీటులో కూర్చునే కో-పైలట్‌ని. ఇక మీదట ఆయన్ని పెద్దమనిషి అంటాను. అలా అన్న ప్రతిసారీ నేను పళ్ళు కొరుకుతున్నానని మీరే అర్థం చేసుకోవాలి.

రాయబోయేది నా జబ్బు గురించి. దాన్ని జబ్బు అని ఒప్పుకోవడానికే నాకు నెలలు పట్టింది. జ్వరమైతే నలుగురికీ చెప్పుకుంటాం. ఇది చెప్పుకుంటే ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది, మా ఊరు బచేలి గనుల టౌన్‌షిప్‌లో మా అమ్మ కూరగాయలకు వెళ్ళే దారి కూడా పోతుంది. అందుకే దాచుకుంటారు. దాచుకున్నవాళ్ళు ఇది చదివితే చాలు, మిగతావాళ్ళు తిట్టుకున్నా నాకు ఫరవాలేదు.

ఆగస్టు

మాది చిన్న ఊళ్ళ మధ్య తిరిగే చిన్న విమానం. రోజుకు నాలుగైదు సార్లు ఎక్కడం, దిగడం. ఒక రోజు తెల్లవారుజామున డ్యూటీ, మర్నాడు మధ్యాహ్నం. నిద్రకు ఒక వేళంటూ లేకుండా పోయింది. డ్యూటీ అయ్యాక హోటల్లో కళ్ళు మూసుకుంటే ఇంజన్ మోతే వినిపించేది. కిందటి డిసెంబరులో అలాంటి ఒక సాయంత్రం పెద్దమనిషి నా చేతిలో ఒక జెల్లీ ముక్క పెట్టాడు.

"ఇది మత్తుమందు కాదమ్మాయ్, మిఠాయి. హాయిగా పడుకుంటావు," అన్నాడు.

నేనేమీ పాలు తాగే పసిపిల్లను కాను. అందులో గంజాయి సారం ఉందని నోట్లో వేసుకునే ముందే నాకు తెలుసు. ఆ సాయంత్రం పడుకుని మర్నాడు మధ్యాహ్నం లేచాను. నెల తిరిగేసరికి నేనే అడగడం మొదలుపెట్టాను. "రేపటికి మిఠాయి ఉందా సార్?" అని ఫోన్‌లో మెసేజ్ పెట్టేదాన్ని. "ఉంది" అనేవాడు. మొదట నిద్ర కోసం, తర్వాత సరదా కోసం, ఆ తర్వాత ఊరికే. ఎనిమిది నెలలు అలా గడిచాయి. మత్తు పూర్తిగా దిగాకే విమానం ఎక్కుతున్నానని అనుకునేదాన్ని. దిగిందో లేదో తేల్చాల్సిన బుర్ర అదే కదా! నా వెనక డెబ్బై మంది నమ్మి కూర్చునేవాళ్ళు. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మద్యం తాగామో లేదో ప్రతి డ్యూటీకి ముందూ ఊదించి చూస్తారు. మత్తుమందుల పరీక్ష అలా కాదు, చెప్పకుండా వస్తారు, కొందరిని పిలిచి మూత్రం అడుగుతారు. ఆగస్టులో ఒక ఉదయం పిలిచిన పేర్లలో నాదీ ఉంది. పెద్దమనిషి పేరు కూడా ఉందట, కానీ ఆయన కడుపునొప్పని సెలవు పెట్టాడు. నేను కప్పు చేతికిచ్చి ఇవతలికి రాగానే ఫోన్ మోగింది. ఆయన దగ్గర్నుంచి మెసేజ్. "ఇవాళ టెస్టువాళ్ళు వచ్చారా?"

కడుపునొప్పితో ఇంట్లో పడుకున్న మనిషికి టెస్టువాళ్ళ సంగతి ఎలా తెలిసింది? ముందే తెలిస్తే నాకెందుకు చెప్పలేదు? ఆ రెండు ప్రశ్నలూ అప్పుడు నా గుండెలో పడ్డ నిప్పులు.

సెప్టెంబరు

ఫలితం వచ్చింది. దొరికాను. నన్ను డ్యూటీ నుంచి తీసేసి, వ్యసనం మాన్పించే వైద్యం చేయించుకుని రమ్మన్నారు. డాక్టరు సర్టిఫికెట్ ఇస్తేనే మళ్ళీ సీటు. రెండోసారి గనక దొరికితే లైసెన్సు మూడేళ్ళు పక్కన పెడతారు. మూడేళ్ళు ఎగరని పైలట్‌ని ఎవరు పిలుస్తారు? నాకు రెండో విద్య రాదు. ఉన్నదంతా ఆ కుడి సీటే.

పెట్టె సర్దుకుని బచేలి వచ్చాను. మా నాన్న గనుల్లో మట్టి తవ్వే షావెల్ యంత్రం నడుపుతాడు, విజయనగరం వైపు మనిషి. గుమ్మంలో నన్ను చూసి, "ఏటమ్మా, సెలవా? ఇలా పీక్కుపోయావేటి?" అని మాత్రం అన్నాడు. మళ్ళీ ఏమీ అడగలేదు.

మా అమ్మ అడగకుండా వదిలే మనిషి కాదు. ఆమెది సుక్మా జిల్లా మరైగూడ. నాలుగు భాషల్లో బేరమాడగలదు, ఒక్క భాషలోనూ ఓడిపోదు. నన్ను వంటింట్లో పీట మీద కూర్చోబెట్టింది. "ఏందే? ఉద్యోగం ఊడిందా? చెప్పు."

తెలుగులో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. డ్రగ్స్ అంటే టీవీలో చూసే సినిమావాళ్ళ గొడవ అనుకుంటుంది. నోటికి దొరికిన మాట అనేశాను. "అమ్మా, నా ఒంట్లో మందు దొరికింది."

అమ్మ చేతిలోని గరిటె కింద పెట్టింది. మా అమ్మ పుట్టిన వైపు మందు అంటే జ్వరానికి వేసుకునేది, మగవాళ్ళు తాగేది మాత్రమే కాదు. గిట్టనివాళ్ళు, వశం చేసుకోవాలనుకునేవాళ్ళు అన్నంలో కలిపి పెట్టేది కూడా మందే. అది కడుపులో కూర్చుని మనిషిని ఎండబెట్టేస్తుందని నమ్మకం.

"మందా? ఎవడు పెట్టిండే నా బిడ్డకు?"

ఎవరూ పెట్టలేదు, నేనే తిన్నాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ నా లోపల పెద్దమనిషి మీద కోపం కుతకుతలాడుతోంది. ఆయన అదే రోజు నా సీటులో ఇంకొకర్ని కూర్చోబెట్టుకుని విమానం నడుపుతున్నాడు.

"మా కెప్టెన్ పెట్టాడు," అన్నాను.

"వాని చేతులిరుగ! వాని వంశం..." అమ్మ మొదలుపెట్టింది. మరైగూడ తిట్లన్నీ వరసగా వచ్చాయి. ఒక్కొక్క తిట్టూ నాకు చల్లటి మజ్జిగ తాగినట్టుగా ఉంది. ఆ హాయిలోనే లోపలికి పోయి మా సంస్థకు ఫిర్యాదు రాశాను. నాకు తెలియకుండా ఆయన తినిపించాడని రాశాను.

అబద్ధమని తెలిసే రాశాను. ఇప్పుడు అందుకు సాకులు చెప్పను.

అక్టోబరు

మిఠాయి మానేశాక ఒళ్ళు నా మాట వినలేదు. చెమటలు పోసేవి. అన్నం చూస్తే వాంతి వచ్చేది. కన్ను మూతపడేది కాదు. ఒకసారి పళ్ళెం విసిరేస్తే గోడకు తగిలి సొట్టపోయింది. నాన్న దాన్ని తీసి కడిగి మళ్ళీ సర్దాడు. అంతకు ముందు ఎప్పుడూ ఏడవని విషయాలకు ఏడ్చాను. చేతులు వణికేవి. విమానం దించాల్సిన చేతులు టీ గ్లాసు పట్టుకోలేకపోయేవి.

ప్రతి మంగళవారం జగదల్‌పూర్‌లో ఒక ఆస్పత్రికి వెళ్ళేదాన్ని. బచేలి నుంచి బస్సు, గీదంలో చాయ్, మళ్ళీ బస్సు. ఆ విభాగం ముందు రెండు బల్లలు ఉంటాయి. తాగుడు మాన్పించడానికి పెళ్ళాలు తీసుకొచ్చిన మొగుళ్ళే అందరూ. కాంపౌండరు మొదటి రోజు నన్ను చూసి, "మరీజ్ కహాఁ హై?" అన్నాడు. రోగిని నేనేనని చెబితే బల్ల మీద కబుర్లన్నీ ఆగిపోయాయి. భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

అప్పుడు పక్కనున్న ఆమె జరిగి చోటిచ్చింది. పేరు ముత్తక్క, మద్దేడ్ దగ్గర పొలం పని. మొగుణ్ణి తీసుకుని అంత దూరం నుంచి వచ్చేది. "కూసో చెల్లె. ఈడ అందరం ఒక్కటే," అని కొంగులోంచి సీతాఫలం తీసి నా చేతిలో పెట్టింది. ఆరు రోజుల్లో నేను పూర్తిగా తిన్న తిండి ఆ సీతాఫలం ఒక్కటే.

డాక్టరమ్మ రాయపూర్ మనిషి, మాట కరుకు. ఆమెకు మాత్రం నిజమే చెప్పాను. అబద్ధం చెబితే వైద్యం పని చేయదని భయం. నేనే అడిగి తిన్నాను, ఎనిమిది నెలలు అన్నాను. ఆమె అలాగే రాసుకుంది. డిసెంబరు మొదటి మంగళవారం పరీక్ష అంది. అందులో ఏమీ లేకపోతే సర్టిఫికెట్ ఇస్తుంది. ఉంటే ఉన్నది ఉన్నట్టు మా సంస్థకు రాసి పంపుతుంది.

ఆ నెలలోనే నా ఫిర్యాదు మీద వీడియో కాల్‌లో విచారణ జరిగింది. పెద్దమనిషి ఇస్త్రీ చొక్కాతో కూర్చుని నవ్వాడు. అప్పటికి ఆయన మిఠాయి మానేసి, పరీక్ష చేయించుకుని, ఏమీ లేదని కాగితం తెచ్చుకున్నాడు. "తెలియకుండా తినిపించానంటోంది. రుజువేది? పాపం, దొరికినవాళ్ళందరూ చెప్పే మాటే ఇది," అన్నాడు.

రుజువు నా ఫోన్‌లోనే ఉంది. కానీ ఆ మెసేజ్‌లు చూపిస్తే "మిఠాయి ఉందా సార్" అని నేనడిగింది కూడా చూపించాలి. నోరు మూసుకున్నాను. విచారణ కోసం పక్కన పెట్టిన ఆయన వారం తిరక్కుండా మళ్ళీ డ్యూటీలో ఉన్నాడు. ఆ "పాపం" అన్న మాటకు ఆయన్ని ఎన్ని రకాలుగా నాశనం చేయాలో రోజూ పడుకుని ఆలోచించేదాన్ని. దేవుడి దగ్గర కూడా నా ఆరోగ్యం అడగలేదు, ఆయన పతనమే అడిగాను.

నవంబరు

దీపావళి తర్వాత అమ్మ తన అన్నను చూసొస్తానని మరైగూడ వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చింది. ఆ తర్వాత విచిత్రంగా నాకు ఆకలి మొదలైంది. అమ్మ రోజూ గోంగూర పచ్చడే చేసేది, నూనె మరిగించి, వెల్లుల్లి దండిగా వేసి.

"రోజూ గోంగూరేనా అమ్మా?"

"మూసుకుని తిను. బజార్ల ఖట్టా భాజీ ఒక్కటే మంచిగొస్తున్నది," అంది గోంగూరను బజారు పేరుతో.

నాన్న చెయ్యి చాపితే, "నీకు వేడి చేస్తది" అని గిన్నె లాక్కునేది. నేను రెండు ముద్దలు ఎక్కువే తినేదాన్ని. నిద్ర కూడా వచ్చింది. చేతుల వణుకు తగ్గింది. నా మనసు గట్టిదని, పగ పెట్టుకుంటే మనిషి దేన్నైనా గెలుస్తాడని తెగ మురిసిపోయాను. పగ ఇంత మంచి టానిక్ అని ఎవరూ చెప్పలేదేమిటా అనుకున్నాను. అద్దంలో చూసుకుని పెద్దమనిషిని ఉద్దేశించి మీసం లేకపోయినా మెలేశాను.

డిసెంబరు

పరీక్ష రోజు అమ్మ నాతో వస్తానంది. సర్టిఫికెట్ తీసుకున్నాక దంతేశ్వరి అమ్మవారికి కొబ్బరికాయ కొట్టాలని సంచిలో పెట్టుకుంది. ఆస్పత్రిలో అమ్మను ముత్తక్క పక్కన కూర్చోబెట్టి నేను కిటికీ దగ్గరికి పోయి కప్పు తీసుకున్నాను. తిరిగొస్తుంటే అమ్మ గొంతు వినిపించింది. ముత్తక్కకు సలహా ఇస్తోంది.

"మా బిడ్డకు ఎవడో మందు పెట్టిండు. దవాఖానల ఏమైతది? మా అన్న మందు తీస్తడు. ఆకుపొడి ఇచ్చిండు. మూడు వారాలు గోంగూరల కలిపి పెట్టిన. దానికి తెల్వదు. తెలిస్తే లోపలి మందు బిగబట్టుకుంటదంట. చూడు, ఎట్ల కోలుకున్నదో. నీ పెనిమిటికి గూడ పెట్టు, కొంచెం ఇస్త."

కొంగుముడి విప్పి చిన్న పొట్లం తీసింది. ముత్తక్క చిటికెడు తీసుకుని వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"అక్కా, ఇది గంజాయాకు గదా? మా ఊళ్ళ ఎడ్లు మేత ముట్టకపోతే ఇదే పెడతం," అంది.

నా చేతిలో ఖాళీ కప్పు. లోపల నా పేరు పిలుస్తున్నారు. మూడు వారాలుగా నేను నా మనోబలం అనుకున్నది గోంగూర పచ్చడి! ఆ కప్పు నింపి ఇస్తే మూడేళ్ళు. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని అడుగుతారు. మా ఇంట్లో నాకు తెలియకుండా కలిపి పెట్టారని చెప్పాలి. పెద్దమనిషి మీద నేను వేసిన నింద సరిగ్గా ఇదే, అది పచ్చి అబద్ధం. ఇప్పుడిది నిజం. ఎవరు నమ్ముతారు?

అమ్మ చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి లాక్కెళ్ళాను. సంగతి చెప్పాను. ఆమె పెన్ను ఆపింది.

"ఇంట్లోవాళ్ళు కలిపారని నా దగ్గర వారానికి నలుగురు చెబుతారు," అంది హిందీలో.

పొట్లం బల్ల మీద పెట్టాను. అమ్మకు ఇంకా ఏమైందో అర్థం కాలేదు. తన అన్నకు ముప్పు వస్తుందేమోనని తలెత్తి మాట్లాడింది. "ఉస్ కెప్టెన్ నే దవా డాలా థా, మేడం. మైఁ నికాలీ." ఆ కెప్టెన్ మందు పెడితే నేను తీశాను అని.

డాక్టరమ్మ నా ఫైలు తిరగేసింది. "కిసనే డాలా? యే తో ఖుద్ లేతీ థీ. ఆఠ్ మహీనే." ఎవరో పెట్టడమేమిటి, ఎనిమిది నెలలు తనే తీసుకునేది అని.

నేను నేల చూశాను. అమ్మ నన్నే చూస్తోందని తెలుస్తూనే ఉంది.

"ఖుద్ అంటే నాకు తెల్వదనుకున్నవా?" అంది అమ్మ.

డాక్టరమ్మ నా చేతిలోంచి కప్పు తీసుకుని చెత్తబుట్టలో వేసింది. "పరీక్ష ఇవాళ జరగలేదు. వైద్యం పొడిగించానని రాస్తాను, ఎందుకో కూడా రాస్తాను. మీరిద్దరూ ఇలాగే నాకు నిజం చెబుతూ ఉంటే చాలు," అంది. ఆ కరుకు మనిషి చేసిన మేలు నేను చచ్చేదాకా మర్చిపోను.

కొబ్బరికాయ సంచిలోనే ఉండిపోయింది. బస్సెక్కి గీదం దాకా వచ్చాం. చాయ్ కోసం బస్సు ఆగింది. అందరూ దిగారు. అమ్మ నా వైపు తిరిగి చెంప మీద ఒక్కటి కొట్టింది. ముప్పై ఒక్కేళ్ళ మనిషిని, నలభై వేల అడుగులు కాకపోయినా ఇరవై వేల అడుగుల ఎత్తున ఎగిరేదాన్ని, గీదం బస్టాండులో దెబ్బ తిన్నాను.

"తిన్నందుకు కాదే. నేను మా అన్న కాళ్ళ మీద పడి మందు తెచ్చిన. నీ నోట్ల నేనే విషం పెట్టిన. నువ్వు నిజం చెప్పుంటే నేను పోదునా? కంపెనోళ్ళకు గూడ వాడే పెట్టిండని రాసినవా?"

"రాశాను."

"మల్ల రాయి."

"అమ్మా, వాడు నీచుడు. నీకు తెలియదు."

"నీచుడే గావచ్చు. వాడు చేసింది రాయి. చెయ్యంది రాయకు. నా అన్న మీద ఎవడన్న గిట్లనే రాస్తే?"

నాకు ఇష్టం లేదు. ఆయన్ని వదిలేసినట్టవుతుందని కడుపు మండిపోయింది. రెండు రోజులు అమ్మ నాకు అన్నం పెట్టలేదు, తనూ తినలేదు. మూడో రోజు రాశాను. ఆయన నాకు తెలియకుండా తినిపించలేదు, నేనే అడిగి తిన్నాను, ముందు రాసింది అబద్ధం అని రాశాను. ఆయనే ఇచ్చేవాడని కూడా రాశాను. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి ఫోన్‌లోని మెసేజ్‌లన్నీ జత చేశాను. "మిఠాయి ఉందా సార్" కూడా, "ఇవాళ టెస్టువాళ్ళు వచ్చారా" కూడా.

ఆ తర్వాత

నేను వేసిన అబద్ధపు నింద ఆయనకు గొడుగు పట్టింది. నిజం చెప్పగానే ఆ గొడుగు ఎగిరిపోయింది. టెస్టు జరిగిన రోజులూ, ఆయనకు కడుపునొప్పి వచ్చిన రోజులూ పక్కపక్కన పెట్టి చూశారు. ప్రతిసారీ అవే రోజులు. ఆయనకు ముందుగా కబురందించే ఆఫీసు మనిషి కూడా బయటపడ్డాడు. పెద్దమనిషిని ఎడమ సీటులోంచి దించారు. అబద్ధపు ఫిర్యాదు రాసినందుకు నాకూ హెచ్చరిక కాగితం ఇచ్చారు, తీసుకున్నాను. ఆయన దిగిన రోజు నేను అమ్మకు చెప్పకుండా బజారుకు పోయి జిలేబీ తెచ్చుకుని తిన్నాను. సిగ్గేమీ పడలేదు.

ఫిబ్రవరి చివర నా పరీక్ష జరిగింది. ఏమీ లేదు. సంస్థ మళ్ళీ తన పరీక్షలు తాను చేసుకుంది. ఏప్రిల్‌లో కుడి సీటులో కూర్చున్నాను. ఇప్పుడు కూడా నిద్ర పట్టని రోజులుంటాయి. అలాంటి రోజున డ్యూటీకి రాలేనని ఫోన్ చేసి చెబుతున్నాను. సణుగుతారు, వింటాను. నిద్ర పట్టడం లేదని పై ఆఫీసరుకు చెప్పడానికి భయపడే పైలట్లు ఎవరైనా ఉంటే, ఆ సణుగుడు భరించదగ్గదేనని నా మాటగా తెలుసుకోండి. గోంగూర మాత్రం ఇంకా తినలేకపోతున్నాను.

మొన్న మే నెలలో పెద్దమనిషి ఫోన్ చేశాడు. నంబరు చూసి కూడా ఎత్తాను. ఆయన గొంతు దెబ్బ తిన్నట్టుంది.

"ఎందుకమ్మాయ్ అంతా బయట పెట్టావు? నీ సీటు నీకెలాగూ వచ్చేది. మా అమ్మగారికి ఎనభై ఏళ్ళు. రోజూ యూనిఫాం వేసుకుని బయటికి పోయి సాయంత్రం దాకా పార్కులో కూర్చుని వస్తున్నాను. ఆవిడకు తెలిస్తే తట్టుకోలేదు. కనీసం ఆవిడ అడిగితే ఆరోగ్యం బాగోక సెలవు పెట్టాడని నువ్వు చెప్పాలి."

నాకు జాలి వేస్తుందేమోనని ఒక క్షణం ఆగి చూశాను. వేయలేదు.

"మా అమ్మకు తెలిసింది సార్, తట్టుకుంది. మీ అమ్మగారికి మీరు చెప్పండి," అన్నాను.

ఆయన ఇంకా లైన్‌లోనే ఉన్నాడు. నేనే ఫోన్ పెట్టేసి డ్యూటీకి వెళ్ళాను.